చామంతికి రాత్రి దీపం - లెక్క తప్పితే పూవూ పోతుంది, డబ్బూ పోతుంది

కుప్పం (మా విలేకరి): రాత్రి పది దాటితే ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. చామంతి తోటల్లో మాత్రం అప్పుడే వెలుగుతాయి. కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో పాలీహౌసుల్లోనూ, ఆరుబయట మళ్ళలోనూ చామంతి వేసిన రైతులు కొందరు నడిరాత్రి మొక్కలపై బల్బులు వెలిగిస్తున్నారు. దారిన పోయేవారు కాపలా దీపాలనుకుంటారు కానీ, ఆ వెలుగు దొంగల కోసం కాదు, మొక్క కోసమే. మొక్కను తొందరపడి మొగ్గ తొడగనీయకుండా ఆపడమే దాని పని.

పండుగ వారం ముందు పూస్తే చామంతికి ఒక ధర, పండుగ మరునాడు పూస్తే ఇంకో ధర. బెంగుళూరు మార్కెట్టుకు బుట్టలు వేసే రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే పూతను తన చేతిలో ఉంచుకోవాలని రైతు ఆశ. అయితే ఆ ఆశకు కరెంటు మీటరు కూడా తిరుగుతుంది. మీటరును అదుపులో పెట్టుకోలేకపోతే పండుగ ధర వచ్చినా మిగిలేది తక్కువే.

చీకటిని కొలిచే మొక్క

చామంతి పొద్దు తక్కువ రోజుల్లో పూసే మొక్క. నిజానికి అది కొలుచుకునేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. రాత్రి చాలినంత పొడుగు ఉంటే ఆకులు వేయడం మాని మొగ్గ కడుతుంది. మొక్కలకు ఈ లెక్క ఉందని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు వ్యవసాయ శాస్త్రవేత్తలు పొగాకు, సోయా చిక్కుడు పైర్లపై పరీక్షలు చేసి 1920లో ప్రకటించారు.

మన ప్రాంతంలో జూన్ నెలలో కూడా పగలు పదమూడు గంటలు నిండదు. డిసెంబరులోనైతే పదకొండున్నర గంటలకు కాస్త తక్కువే. అంటే ఏడాదిలో ఎక్కువ కాలం చామంతికి ఇక్కడ రాత్రి పొడుగే. దీపం పెట్టకపోతే మొక్క జానెడు ఎదగకముందే మొగ్గకు వస్తుంది. కాడ పొట్టిగా ఉంటుంది, కొమ్మలు తక్కువ, పూలు తక్కువ. కాడతో అమ్మే రకాలకైతే ఇది మరీ నష్టం.

నడిరాత్రి నాలుగు గంటలు

సాయంత్రం నుంచి తెల్లవార్లూ బల్బులు వేయనక్కరలేదు. రాత్రి పది నుంచి రెండు గంటల వరకు వెలిగిస్తే చాలు. చీకటి రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కా మొగ్గ కట్టేంత పొడుగు ఉండదు. అదే నాలుగు గంటలు పొద్దుగూకగానే వేస్తే, ఆ తరువాత మిగిలే చీకటి ఒకే ముక్కగా ఉంటుంది. ఖర్చు అంతే, ఫలితం తక్కువ.

నాటిన నాటి నుంచి రకాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు వారాలు దీపం పెడతారు. కాడ చాలినంత ఎదిగాక ఆపుతారు. ఆపిన తరువాత ఎన్ని వారాలకు పూస్తుందన్నది రకానికో తీరు. ఎనిమిది నుంచి పది వారాలకు వచ్చే రకాలు ఎక్కువ. కాబట్టి లెక్క వెనుక నుంచి వేసుకోవాలి. అక్టోబరు 20న కోయాలంటే, తొమ్మిది వారాల రకమైతే ఆగస్టు 18న దీపం ఆపాలి. అయిదు వారాలు వెలిగించాలంటే జూలై 14 నాటికి మొక్క మడిలో ఉండాలి. మొక్కలు కొనేటప్పుడే అది ఎన్ని వారాల రకమో అడిగి, రాసి పెట్టుకోవడం మంచిది.

బల్బును బట్టి బిల్లు

మొక్కలకు ఆరేడు అడుగుల పైన, పది అడుగులకొకటి చొప్పున కడితే ఎకరాకు నాలుగు వందలకు పైగా బల్బులు పడతాయి. లెక్క సులువుకు 400 అనుకుందాం. పాత పద్ధతి 100 వాట్ల బల్బులైతే మొత్తం 40 కిలోవాట్లు. నాలుగు గంటలకు 160 యూనిట్లు. 35 రాత్రులకు 5,600 యూనిట్లు. యూనిట్ అయిదు రూపాయలనుకున్నా 28,000 రూపాయలు. పైగా పొలాల దగ్గర సాధారణంగా కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఆ లోడు మోయలేదు.

అదే 9 వాట్ల ఎల్ఈడీ బల్బులైతే రాత్రికి 14.4 యూనిట్లు. 35 రాత్రులకు 504 యూనిట్లు, అదే ధరకు 2,520 రూపాయలు. తెల్లని వెలుగు కంటే పసుపు వెలుగు బల్బు మేలు. మొగ్గను ఆపే పనిలో ఎరుపు కాంతిదే ముఖ్య పాత్ర, అది పసుపు వెలుగులో ఎక్కువ.

ఇంకా తగ్గించుకునే దారి ఉంది. నాలుగు గంటలూ ఏకధాటిగా వేయక, ప్రతి అరగంటలో పది నిమిషాలు వేసి ఇరవై నిమిషాలు ఆపినా మొక్క మోసపోతుంది. అప్పుడు రాత్రికి 4.8 యూనిట్లే. దీనికి టైమరు, కాంటాక్టరు కావాలి. మనిషి లేచి వేసి ఆపే పని కాదు. అయితే మొదటిసారే తోటంతా ఇలా చేయకుండా నాలుగు మళ్ళలో చూసుకుని, మొగ్గ ఆగిందని తేలాకే మిగతా తోటకు పెట్టడం క్షేమం. దుమ్ము పట్టిన బల్బులు తుడవాలి. అంచు వరుసలకు వెలుగు అందుతోందో లేదో చూడాలి. అందని చోట మొక్కలు ముందే మొగ్గకు వచ్చి తోట ఎగుడుదిగుడు అవుతుంది.

అర్ధరాత్రి కరెంటు పోతే ఆ రాత్రే తెల్లవారేలోగా వచ్చిన వెంటనే వెలిగించాలి. ఒక రాత్రి పోతే సర్దుకోవచ్చు కానీ, వరుసగా కొన్ని రాత్రులు పోతే మొగ్గ మొదలవుతుంది. మొదలైన మొగ్గను మళ్ళీ ఆకుగా మార్చడం ఎవరి తరమూ కాదు.

ఉచిత కరెంటు మోటారుకే

2004లో రైతుకు ఇచ్చిన ఉచిత కరెంటు బోరు మోటారుకే గాని దీపాలకు కాదు. పగటి సరఫరా కనుక రాత్రికి అది అక్కరకూ రాదు. మోటారు సర్వీసు నుంచో ఇంటి మీటరు నుంచో తోటకు తీగ లాగితే చిక్కు వస్తుంది. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం, మంజూరైన పనికి కాక వేరే పనికి వాడినట్లు తేలితే వర్తించే ధరకు రెట్టింపు కట్టాలి. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్క వేస్తారు. పూల మీద వచ్చింది ఆ కాగితానికే చాలదు. లైను మీద కొక్కెం వేయడం దొంగతనం కిందికే వస్తుంది, ప్రాణానికీ ముప్పు. తడి మళ్ళపై వేలాడే తీగలకు అతుకులు లేకుండా చూడాలి. షాకు కొట్టే లోపే కరెంటు ఆపే బ్రేకరు పెట్టించాలి.

పొరుగు రైతు సంగతి కూడా ఆలోచించాలి. మన దీపం గట్టు దాటి అతని చామంతిపై పడితే, కావాలనుకున్న నాటికి అతని తోట పూయదు. వీధి దీపం పక్కన వేసిన మడికీ ఇదే గతి. గట్టు వైపు బల్బులకు రేకు మూత పెడితే గొడవ ఉండదు.

పూల తోట దీపాలకు ఏ సర్వీసు తీసుకోవాలో, యూనిట్ ధర ఎంతో, నెలకు కట్టే స్థిర చార్జీ ఎంతో రైతుకు తీగ లాగక ముందే తెలియాలి. విద్యుత్ శాఖ వారు సెక్షను ఆఫీసుల్లో ఈ వివరాలు తెలుగులో రాసి పెట్టడం, ఉద్యాన శాఖ వారు నాటే కాలానికి ముందే ఒక్కో మండలంలో ఒక తోటలో టైమరు పెట్టి చూపించడం అవసరం. శ్రావణం వచ్చాక చెబితే దసరాకు పూవు రాదు.