మీటరు ముల్లు - నిజవేగము

వేగమాపకపు ముల్లును మరమ్మతుకై ఊడదీసినప్పుడు దానిని మరల సున్న వద్ద నిలిపినంతనే సరిపోదు. కేబులుతో నడచు మీటరులో తిరుగుచున్న అయస్కాంతము అల్యూమినియపు గిన్నెను తనతో లాగజూచును. సన్నని స్ప్రింగు ఆపును. ఈ రెంటి పోటీనే ముల్లు వేగముగా చూపును. సున్న వద్దనున్న అడ్డుమేకు స్ప్రింగు బిగువును మరుగుపరచును.

కావున రద్దీలేని రహదారిపై ముల్లు 60 చూపునట్లు నిలకడగా నడపుదము. ఒక కిలోమీటరు రాతినుండి మరుసటి రాతివరకు పట్టిన కాలమును ప్రక్కనున్నవారు గడియారమున చూడవలెను. 60 సెకండ్లయిన సరియే. 72 అయినచో నిజవేగము 50 మాత్రమే. 50 సెకండ్లే అయినచో నిజవేగము 72!

ఈ కడపటి తప్పే ప్రమాదకరము: నెమ్మదిగా పోవుచున్నామని నమ్మి మలుపును వడిగా చేరుదుము. బండిని నిలిపి, ముల్లును సరిజరిపి, మరల పరీక్షింతము. 40 వద్ద 90 సెకండ్లు కూడ సరిపోయిననే గాని ముల్లును నమ్మరాదు.