దీఘా, పూరీ, విశాఖ: సర్ఫింగ్‌కు ఎవరికి ఏ తీరం అనువు?

ఖరగ్‌పూర్: ఆగ్నేయ రైల్వే డివిజన్ కేంద్రమైన ఖరగ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా బంగాళాఖాతంలోని మూడు భిన్నమైన తీరాలకు అక్కడి నుంచి దారి ఉంది. రోడ్డు మార్గంలో సుమారు వంద కిలోమీటర్లు వెళితే దీఘా. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి పూరీ. హౌరా–చెన్నై మార్గంలో ఇంకా ముందుకు సాగితే విశాఖపట్నం. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మూడూ పరిచితమైన ఊళ్లే. ఒకటి సెలవు రోజు విహారానికి, మరొకటి జగన్నాథుని దర్శనానికి, ఇంకొకటి సొంతూరి ప్రయాణానికి.

ఈ తీరాలను ఇప్పుడు యువత మరో దృష్టితో కూడా చూస్తోంది. టోక్యో క్రీడలతో సర్ఫింగ్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. 2025 ఆగస్టులో తమిళనాడులోని మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్‌లో భారత క్రీడాకారుడు రమేశ్ బుధిహాల్ కాంస్య పతకం గెలిచారు. దీంతో మన సముద్రంలోనూ కెరటాలపై స్వారీ సాధ్యమేనన్న నమ్మకం పెరిగింది. అయితే దగ్గరగా ఉందనో, అందంగా ఉందనో తీరాన్ని ఎంచుకుంటే ప్రాణాల మీదికి రావచ్చు. ఎంచుకోవలసిన పద్ధతి వేరు.

అడుగు నేల వాలే కీలకం

తీరాన్ని సమీపించే అల, తన ఎత్తుకు దాదాపు 1.3 రెట్ల లోతు మాత్రమే మిగిలిన చోట విరుగుతుంది. అంటే మీటరు ఎత్తున్న అల సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. అక్కడ అల పాదం నెమ్మదించి, శిఖరం ముందుకు తూలుతుంది. అది ఏ తీరుగా విరుగుతుందో ప్రధానంగా నిర్ణయించేది సముద్రపు అడుగు నేల వాలు. వాలు తక్కువగా ఉంటే అల చాలా దూరం నురగగా జారుతూ వస్తుంది. వాలు ఎక్కువగా ఉంటే చుట్టుకుని ఒక్కసారిగా కూలుతుంది. మొదటి రకం అల నేర్చుకునేవారిని ముందుకు తోస్తుంది. రెండో రకం అల వారిని నేలకేసి కొడుతుంది.

ఉష్ణమండలంలో పేరొందిన తీరాలన్నింటికీ ఈ సూత్రం వర్తిస్తుంది. హవాయిలోని వైకీకి, శ్రీలంకలోని వెలిగామ నెమ్మదైన అలల వల్లనే తొలి పాఠాలకు పేరు పొందాయి. ఇండోనేషియాలోని బాలి దీవిలో ఇసుక అడుగున్న కూటా తీరం కొత్తవారిది. అదే దీవిలో పగడపు దిబ్బపై అలలు విరిగే ఉలువాటు అనుభవజ్ఞులది. పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగిన తాహితీలోని తియాహుపో ప్రపంచ స్థాయి క్రీడాకారులకు కూడా కఠిన పరీక్షే.

దీఘా: నురగలో తొలి అడుగులు

బంగాళాఖాతపు ఉత్తర కొసన సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువగా ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే అలలు ఆ మెరకను దాటే క్రమంలో శక్తిని కోల్పోతాయి. అందుకే దీఘా, మందార్‌మణి తీరాల్లో సాధారణ రోజుల్లో అలలు చిన్నవిగా, నురగగా వస్తాయి. నడుము లోతు దాటకుండా, శిక్షకుని సమక్షంలో బోర్డుపై పడుకోవడం, చేతులతో తెడ్డు వేసినట్లు నీటిని తోయడం, నురగ తోసినప్పుడు లేచి నిలబడడం వంటి ప్రాథమికాంశాలకు ఇటువంటి నీరు సరిపోతుంది. విరగని అలపై స్వారీ కోరుకునేవారికి మాత్రం ఇక్కడ నిరాశే మిగులుతుంది.

ఇక్కడ అసలు ప్రమాదం ఆటుపోట్లది. వాలు తక్కువైన తీరంలో పోటు వేగంగా లోపలికి వస్తుంది. ఒడిశాలోని చాందీపూర్‌లో ఆటు సమయాన సముద్రం దాదాపు ఐదు కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, తిరిగి వస్తుంది. పాత దీఘాలో పోటు సమయాన నీరు రక్షణ గోడను, దాని కింది బండరాళ్లను తాకుతుంది. ఆ సమయంలో అక్కడ నీటిలోకి దిగకూడదు.

పూరీ: నేర్చుకున్నవారికి

పూరీ వద్ద తీరం నిటారు. అల ఒడ్డుకు చేరువగా వచ్చి బలంగా కూలుతుంది. తీరం వెంబడి పక్కకు లాగే ప్రవాహమూ ఉంటుంది. పూరీ–కోణార్క్ మార్గంలో 2012లో తొలి ఇండియా సర్ఫ్ ఫెస్టివల్ జరిగింది. నురగ దశ దాటినవారికి, అల విరగకముందే దానిని అందుకోగలిగినవారికి ఈ తీరం తగినది. మొదటిసారి బోర్డు పట్టుకున్నవారికి తగదు.

తెలుగువారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. శంకువు ఆకారపు టోపీలతో స్నానార్థులకు కాపలా కాసే నూలియాలు తెలుగు మాట్లాడే మత్స్యకారులు. పెంటకోట పల్లెలో వారి కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. ఆ రోజు ఎక్కడ గుంత పడిందో, నీరు ఎటు లాగుతోందో వారిని తెలుగులోనే అడిగి తెలుసుకోవచ్చు.

విశాఖ: కొండల నడుమ

విశాఖలో కొండలు సముద్రం దాకా చొచ్చుకువస్తాయి. వాటి నడుమ ఇసుక తీరాలు, పక్కనే బండలు ఉంటాయి. అందువల్ల కొద్ది దూరంలోనే పరిస్థితి మారిపోతుంది. సముద్రం శాంతించిన నెలల్లో రుషికొండ ఇసుక తీరం శిక్షకుని తోడున్న కొత్తవారికి అనుకూలిస్తుంది. రామకృష్ణా బీచ్, యారాడలలో లోపలికి లాగే ప్రవాహాలు ఎన్నో ప్రాణాలు తీశాయి. రుషికొండ, పూరీ గోల్డెన్ బీచ్‌లు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందాయి. ఆ గుర్తింపు పరిశుభ్రతకు, నీటి నాణ్యతకు, సదుపాయాలకు సంబంధించినది. అలల తీవ్రతను అది చెప్పదు.

ప్రశాంతంగా కనిపించే నీరు

విరిగిన అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఎక్కడో ఒక చోట సన్నని పాయగా సముద్రంలోకి తిరిగి వెళుతుంది. దీనినే రిప్ ప్రవాహం అంటారు. ఆ పాయలో అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి నీరు ముదురు రంగులో, నిశ్చలంగా కనిపిస్తుంది. కొత్తవారు సురక్షితమని భ్రమించి సరిగ్గా అక్కడే దిగుతారు. దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురీదలేడు.

నిపుణుడైన సర్ఫర్ ఇదే పాయను శ్రమ లేకుండా లోపలికి చేరే దారిగా వాడుకుంటాడు. ఒకరికి దారి అయినది మరొకరికి మృత్యువు కావడమే నైపుణ్య స్థాయుల మధ్య తేడా. ఏ తీరం తన స్థాయికి తగినదో తేల్చుకునే ప్రశ్న కూడా ఇక్కడే ఉంది: బోర్డు చేజారితే ఈ నీటిలోంచి ఒడ్డుకు రాగలనా? లేదన్న సమాధానం వస్తే ఆ తీరం ఆ రోజుకు తగనిదే. ప్రవాహంలో చిక్కుకున్నవారు ఎదురీదకుండా, బోర్డును వదలకుండా తేలుతూ ఉండాలి. తీరానికి సమాంతరంగా పక్కకు కదలాలి. చెయ్యెత్తి సహాయం కోరాలి.

సెలవుల పంచాంగం, సముద్రపు పంచాంగం

ఖరగ్‌పూర్ కుటుంబాల ప్రయాణాలు ఎక్కువగా వేసవి సెలవుల్లో, రథయాత్రకు, దుర్గాపూజకు సాగుతాయి. సముద్రం ఉద్ధృతంగా ఉండేదీ దాదాపు అప్పుడే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల అలలు, వాటికి ముందూ వెనుకా తుపానుల కాలం ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2019 మే 3న ఫణి పూరీని తాకాయి. 2021 మే 26న యాస్ ప్రభావంతో దీఘా దెబ్బతింది. నేర్చుకునేవారికి సాధారణంగా జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బయలుదేరే ముందు

హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) అలల అంచనాలను, ఉప్పెన అలల హెచ్చరికలను వెలువరిస్తుంది. అందులో ఇచ్చే ఎత్తు సాధారణంగా మూడింట ఒక వంతు పెద్ద అలల సగటు. విడిగా వచ్చే ఒక అల దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. రెండు అలల మధ్య వ్యవధినీ చూడాలి. ఒకే ఎత్తున్న అలల్లో, పన్నెండు సెకన్లు అంతకు మించిన వ్యవధితో వచ్చేవి మరింత శక్తిమంతం.

చెరువులో నేర్చిన ఈత సముద్రానికి చాలదు. మెత్తని ఫోమ్ బోర్డు, కాలికి కట్టుకునే తాడు, పక్కన శిక్షకుడు తప్పనిసరి. తీరానికి చేరాక కనీసం ఇరవై నిమిషాలు ఒడ్డున నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో గమనించాలి. ఎర్రజెండా ఎగురుతుంటే, స్థానిక మత్స్యకారులు వద్దంటే, ఎంత దూరం నుంచి వచ్చినా నీటిలోకి దిగకూడదు. అత్యవసర సహాయానికి 112 నంబరుకు ఫోన్ చేయాలి.