మీకు తెలుసా? జేసీబీ తవ్వడానికే కాదు!

* 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మంలోని ప్రకాశ్‌నగర్ వంతెనపై 9 మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఓ డ్రైవర్ తెగించి, జేసీబీతో వెళ్లి అందరినీ క్షేమంగా తీసుకొచ్చాడు. టన్నుల బరువు, పెద్ద టైర్లు ఉండటం వల్ల ఈ యంత్రం వరద ఉద్ధృతిని కొంతవరకు తట్టుకోగలదు.

* బ్రిటన్‌లో 'డ్యాన్సింగ్ డిగ్గర్స్' ప్రదర్శనలో జేసీబీలు బకెట్లను నేలకు ఆనించి, చక్రాలను గాల్లోకి లేపి నాట్యం చేస్తాయి.

* మన ఊళ్లలో నేతల ర్యాలీల్లో పూలు కురిపించేదీ జేసీబీ బకెట్టే.

బకెట్‌లో మనుషుల్ని ఎక్కించడం మాత్రం ప్రమాదం. సరదాకైనా ఆ పని చేయకండి!