మాట తెగేది టవర్ మారేటప్పుడు కాదు

ఫోన్లో మాట మధ్యలో తెగితే ‘టవర్ మారింది’ అనేస్తాం. లెక్క చూస్తే ఆ నింద నిలవదు. 4జీలో ఫోను ఒక సెల్‌ను వదిలి పక్క సెల్‌ను అందుకునేదాకా డేటా ఆగేది సగటున 50 మిల్లీసెకన్లు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్పకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆ కాస్త సమయంలో కదిలేది అరమీటరు పైచిలుకు. అంత చిన్న ఖాళీ చెవికి పెద్దగా తెలియదు. మరి ‘హలో, ఇనపడతాండాదా’ అని పదేపదే అరవాల్సిన గతి ఎందుకు? మారడానికి పట్టే సమయం కొంచెమే. మారాలని తేల్చుకోవడానికీ, ఆ సంగతి టవర్‌కు చేరి తిరిగి ఆజ్ఞ రావడానికీ పట్టేదే అసలు ఆలస్యం. ఇలాంటి కరువు మెట్టల్లో తగ్గించాల్సింది దాన్నే.

సెల్ అనే ఊహ 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో డి.హెచ్. రింగ్ రాసిన పత్రంలో కనిపిస్తుంది. నగరమంతటికీ ఒకే పెద్ద ట్రాన్స్‌మిటర్ బదులు చిన్న చిన్న సెల్‌లు పెడితే, కొంత దూరంలో అవే ఫ్రీక్వెన్సీలను మళ్లీ వాడుకోవచ్చు. అయితే మాట్లాడుతున్న మనిషి సెల్ దాటితే కాల్ గతేమిటి? స్విచింగ్ ఇంజనీరు ఏమోస్ జోయెల్ దీనికి దారి చూపి 1972లో పేటెంటు పొందారు. తొలితరం నెట్‌వర్కుల్లో కొలతలన్నీ టవర్లవే, నిర్ణయం ఎక్స్ఛేంజీదే. ఫోనుకు నోరు లేదు. 1991లో ఫిన్లండ్‌లో మొదలైన రెండోతరం పద్ధతి జీఎస్‌ఎం ఆ నోరిచ్చింది. ఫోనే చుట్టుపక్కల టవర్లను కొలిచి 480 మిల్లీసెకన్లకొకసారి నివేదిక పంపడం మొదలైంది. సీడీఎంఏ అనే మరో పద్ధతి ఇంకో అడుగు వేసి, పాతదాన్ని వదలకముందే కొత్త టవర్‌ను పట్టుకోనిచ్చింది. విడ్డూరమేమంటే, మన దేశంలో సీడీఎంఏతో వచ్చిన డబ్ల్యూఎల్‌ఎల్ (ఇంటికి తీగ బదులు రేడియోతో కనెక్షన్ ఇచ్చే) ఫోన్లకు 2001లో ‘పరిమిత చలనం’ షరతు పెట్టారు. ఇంచుమించు తాలూకా అంత ప్రాంతం దాటితే అవి పనిచేయకూడదు. 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు వచ్చేదాకా ఆ పొలిమేరకు కాపలా కాసింది కాగితమే, రేడియో తరంగం కాదు.

4జీ మళ్లీ ‘వదిలి పట్టుకునే’ పద్ధతికే వచ్చింది. పక్క టవర్ సిగ్నల్ తన టవర్ కంటే ఏ 3 డెసిబెల్సో ఎక్కువుందని ఫోను గమనిస్తుంది, కానీ వెంటనే నోరు విప్పదు. ఆ తేడా కొంతసేపు, ఉదాహరణకు 320 మిల్లీసెకన్లు, నిలబడితేనే నివేదిక పంపుతుంది. ఈ ఓపిక లేకపోతే రెండు టవర్ల మధ్య బంతిలా అటూ ఇటూ ఎగురుతూనే ఉంటుంది. నివేదిక అందాక పాత టవర్ కొత్తదాన్ని అడిగి, ‘ఇక అక్కడికి పో’ అని ఆజ్ఞ ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే. నివేదిక పోవాల్సిందీ, ఆజ్ఞ రావాల్సిందీ అప్పటికే నీరసించిన పాత లంకె మీదే. రెంటిలో ఏది దారి తప్పినా, సంబంధం తెగిందని ఒప్పుకోవడానికే ఫోను ఒక సెకను దాకా ఆగుతుంది. ఆ తర్వాత టవర్‌ను వెతకడం మొదలుపెడుతుంది. 50 మిల్లీసెకన్ల పని సెకన్లకు సాగేది అందుకే. నగరంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి సెల్ అంచున కూడా సిగ్నల్‌లో కాస్త సత్తువ మిగులుతుంది. బెళుగుప్ప చుట్టూ గాలిమరలు బాగానే లేచాయి గానీ, సెల్ టవర్ల మధ్య దూరం మాత్రం ఊళ్ల మధ్య దూరాన్ని బట్టే ఉంటుంది. అలాంటి బయలులో రెండు టవర్లూ పీలగా వినబడే దారి చాలాసేపు సాగుతుంది. నడుమ ఒక గుట్ట అడ్డొస్తే ఉన్న లంకె ఒక్కసారిగా పడిపోతుంది.

టవర్లు పెంచితే సరిపోదా అంటారు. పెంచాల్సిందే. అయితే ప్రతి కొత్త టవర్‌తో పాటు ఒక కొత్త అంచు కూడా పుడుతుంది. పైగా జనం పలచగా ఉన్న చోట నగరమంత దగ్గరగా టవర్లు వేసే కంపెనీ ఎక్కడుంది? ఈ లెక్క తెలిసే మన దేశం 5జీ ప్రమాణాల పరీక్షల్లో ‘తక్కువ వేగం, పెద్ద సెల్’ అనే పల్లె నమూనాను చేర్చాలని పట్టుబట్టి సాధించింది. మామూలు గ్రామీణ పరీక్షలో టవర్ల మధ్య ఎడం 1,732 మీటర్లు, ఇందులో 6 కిలోమీటర్లు. హైదరాబాద్ ఐఐటీలో ఆచార్య కిరణ్ కూచి బృందం పనిచేసిందీ దీనికి సంబంధించిన సమస్య మీదే. ఫోను పంపే తరంగంలో ఎత్తుపల్లాలు తగ్గిస్తే దాని యాంప్లిఫయర్ పూర్తి శక్తి వాడగలదు, మాట ఎక్కువ దూరం పోతుంది. దీన్ని కవరేజీ ముచ్చటగా చెబుతుంటారు. నా లెక్కలో ఇది హ్యాండోవర్‌కు, అంటే సెల్ మారడానికి, మందు కూడా. అంచు నుంచి నివేదిక టవర్‌కు చేరితేనే కదా ఆజ్ఞ వచ్చేది.

వేగం తక్కువైన పల్లెల్లో హ్యాండోవర్ అంత ముఖ్యమా అన్నది రెండో ఆక్షేపణ. నెమ్మదిగా పోయేవాడు ఆ బలహీనమైన పట్టీలో ఎక్కువసేపు ఉంటాడు కాబట్టి ముఖ్యమే. దీనికి 2020లో ఖరారైన ప్రమాణాల్లో మంచి ఉపాయం ఉంది. వాగు పొంగకముందే దారి అడిగిపెట్టుకున్నట్టు, సిగ్నల్ బాగున్నప్పుడే టవర్ ‘ఫలానా పరిస్థితి వస్తే ఫలానా సెల్‌కు మారు’ అని ఫోనుకు ముందే చెప్పి ఉంచుతుంది. సమయం వచ్చినప్పుడు ఫోను ఎవరినీ అడగక్కర్లేదు. 5జీకి పెట్టుకున్న సున్నా మిల్లీసెకన్ల లక్ష్యం కంటే నాకు ఇదే విలువైనదిగా తోస్తుంది.

అయితే కొలవనిది బాగుపడదు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధనలో ఒక షరతు ఉండేది, 90 శాతం సెల్‌లలో 90 శాతం రోజులు తెగిన కాల్స్ 2 శాతానికి మించకూడదని. మిగిలిన 10 శాతం సెల్‌లు ఎక్కడుండేవో ఊహించడం కష్టం కాదు. హ్యాండోవర్ పరీక్షించే బండిని ఒకసారి కళ్యాణదుర్గం–బెళుగుప్ప రోడ్డు మీద కూడా నడపాలి, వచ్చిన కొలతలను సెల్ వారీగా జనం ముందు పెట్టాలి.