ఎండాకాలంలో మన ఇంటి నీటి గొట్టాలు

మే నెలలో ఆదివారం ఆరాధన ముగించుకొని ఇల్లు చేరేసరికి ఒంటిగంట అవుతుంది. చంటిబిడ్డ చెమటతో తడిసి ఏడుస్తుంటాడు. ఒళ్ళు చల్లబడుతుందని తల్లి బిడ్డను నేరుగా కొళాయి కింద కూర్చోబెట్టి తిప్పుతుంది. మొదట పడే నాలుగు చెంబుల నీళ్ళు పొద్దుటి నుండి డాబా మీది గొట్టంలో నిలిచి, ఎండకు కాగినవి. బిడ్డ కెవ్వుమన్న తరువాతే ఆ సంగతి మనకు తెలుస్తుంది.

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అది నీడలో కొలిచిన వేడి. డాబా గచ్చు, దాని మీద పరచిన గొట్టం, నల్లని ప్లాస్టిక్ ట్యాంకు అంతకంటే ఎక్కువగా వేడెక్కుతాయి. గొట్టంలో కదలకుండా ఉన్న నీరు 50 డిగ్రీలు దాటవచ్చు. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని కూడా కొద్ది సెకన్లలోనే కాల్చేస్తుంది. పసిపిల్లల చర్మం పలుచన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. షుగర్ వ్యాధితో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి వెంటనే తెలియదు కూడా. అందుచేత వేసవిలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే మొదటి నీటిని బకెట్‌లోకి వదలండి. మోచేతితో చూసి, ఆ తరువాతే స్నానానికి వాడండి. పక్కన పెట్టిన వేడినీరు గిన్నెలు కడగడానికి పనికొస్తుంది. వంటకూ, తాగడానికీ మాత్రం ఆ నీరు వద్దు.

ఒకవేళ కాలితే వెంటనే మామూలు చల్లని నీటిని 20 నిమిషాలపాటు పోస్తూ ఉండాలి. ఆ సమయంలో కొళాయి నీరు వేడిగా ఉంటుంది కాబట్టి ఇంట్లో పట్టి ఉంచిన బకెట్ నీరో, కుండలో నీరో వాడాలి. ఐసు పెట్టకూడదు. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. బొబ్బలు వచ్చినా, ముఖం మీద గానీ చేతుల మీద గానీ కాలినా బిడ్డను ఆసుపత్రికి తీసుకురండి.

ఇక గొట్టం సంగతి చూద్దాం. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే పీవీసీ గొట్టానికి ఎండ రెండు విధాలుగా చేటు చేస్తుంది. వేడికి మెత్తబడి బలం తగ్గుతుంది. మామూలు వాతావరణంలో తట్టుకొనే ఒత్తిడిలో దాదాపు సగమే 45 డిగ్రీల దగ్గర తట్టుకోగలదు. ఏళ్ళ తరబడి ఎండ సోకితే రంగు వెలిసి పెళుసవుతుంది, చిన్న దెబ్బకే పగులుతుంది. పైగా పీవీసీ వేడికి సాగుతుంది. 10 మీటర్ల గొట్టం వేడి 30 డిగ్రీలు పెరిగితే దాదాపు 2 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది, రాత్రికి మళ్ళీ తగ్గుతుంది. మా ఇంట్లో గట్టిగా ఉంటుందని గొట్టాన్ని రెండు చివరలా సిమెంటుతో బిగించారు. సాగడానికి చోటు లేక అది విల్లులా వంగి, మే నెలలో ఒక మధ్యాహ్నం మలుపు దగ్గర ఊడిపోయింది. మేము లేచి చూసేసరికి ట్యాంకు సగం ఖాళీ.

అప్పటినుండి మా ఇంట్లో గొట్టానికి క్లాంపులు కొంచెం వదులుగానే ఉన్నాయి. పొడవైన గొట్టానికి మధ్యలో ఒక వంపు పెట్టించడం కూడా మంచిదే. పైన నీటితో కలిపే తెల్లరంగు వేయించండి. థిన్నర్ కలిపే ఆయిల్ పెయింటు పీవీసీకి మంచిది కాదు. పాత గోనెసంచి చుట్టి పురికొసతో కట్టినా ఎండ తగలదు. దాన్ని తడపవచ్చు గానీ, తడపడానికి నీళ్ళుంటేనే కదా! ఇనుప గొట్టానికైతే తడి గోనె వద్దు, తుప్పు పడుతుంది. ట్యాంకుకు తాటాకు పందిరి గానీ ఆకుపచ్చ వల గానీ వేస్తే చాలు. ట్యాంకు నిండా నీరుంటే నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి తెల్లవారుజామునే నింపుకోండి. మూత పగిలితే వెంటనే మార్చండి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి. గొట్టాలు అతికించే పని ఉదయం చల్లగా ఉన్నప్పుడు చేయించి, గమ్ము పూర్తిగా ఆరాకే నీరు వదలండి.

డాబా మీద గొట్టం పగిలితే నీరు బయటికి పోతుంది, కంటికి కనిపిస్తుంది. వీధిలో, మురుగుకాలువ పక్కన పగిలితే మురుగు లోపలికి వస్తుంది, ఎవరికీ కనిపించదు. వేసవిలో మున్సిపాలిటీ నీరు కొద్దిసేపే వస్తుంది. మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉండి, పగులు గుండా చుట్టూ ఉన్న మురుగును పీల్చుకొంటుంది. ధార సన్నగా ఉందని కొందరు కొళాయికే మోటారు బిగిస్తారు. అప్పుడు పీల్చుడు మరీ ఎక్కువై, మురుగు మన ఇంటికే కాక పక్కింటికీ చేరుతుంది. గుంత తవ్వి దించిన కొళాయిలోకి కూడా ఇలాగే మురుగు చేరుతుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ కలుషితమైన కొళాయి నీరు తాగి పలువురు చనిపోయారు, వందలమంది విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు.

కాబట్టి నీరు వదిలిన కొద్ది నిమిషాలు మొక్కలకు పట్టి, ఆ తరువాతే తాగేందుకు పట్టండి. నీరు వాసన వేసినా, రంగు మారినా అసలు పట్టవద్దు. వేడికి నీటిలోని క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. అందుకే ట్యాంకును వేసవి ఆరంభంలోనే కడిగి, 1000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు వాడాలి. దాన్ని విడిగా బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట గడిచాక నీరు వాడుకోవచ్చు. తాగే నీటిని మరగకాచి చల్లార్చి, మూతపెట్టిన కుండలో ఉంచితే ఇంకా క్షేమం.

ఇంట్లో ఎవరికైనా నీళ్ళ విరేచనాలు మొదలైతే ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను మొత్తంగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. తల్లిపాలు ఆపవద్దు. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, గంజి నీళ్ళలాంటి విరేచనాలు అవుతున్నా, బిడ్డ మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. వీధిలో రెండు మూడు ఇళ్ళలో ఒకేసారి విరేచనాలు మొదలైతే గొట్టం ఎక్కడో పగిలిందని అనుమానించాలి. ఆశా కార్యకర్తకూ, మున్సిపాలిటీ వారికీ ఆ రోజే చెప్పండి. వారు బాగుచేసేదాకా ఆ కొళాయి నీటితో పిల్లలకు పళ్ళు కూడా తోమించవద్దు.