అతుకు విద్య

తెలుగులో 'అతుకు' అన్న మాటకు గౌరవం తక్కువ. అతుకుల బొంత అంటే పేదరికం. అతకని మాట అంటే అబద్ధం. ఒకసారి విరిగినదానిని ఎంత జాగ్రత్తగా కలిపినా పూర్వపు బలం రాదని లోకుల నమ్మకం. మనుషుల సంగతి ఎట్లా ఉన్నా, ఇనుము విషయంలో ఈ నమ్మకం నిలవదు. సరిగా వెల్డింగు చేసిన ఇనుపముక్కను సమ్మెటతో మోదితే, తరచుగా అతుకు చెక్కుచెదరదు. దాని ప్రక్కనున్న ఇనుమే వంగుతుంది. అయితే ఈ 'సరిగా' అన్న మాటలోనే విద్య అంతా ఉన్నది.

ఒకప్పుడు ఈ పని కార్ఖానాలకు, రైల్వే షెడ్లకు, ఓడల రేవులకు పరిమితమై ఉండేది. యంత్రాన్ని కదల్చడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. నేడు ఒక చేతితో ఎత్తగలిగే ఇన్వర్టరు యంత్రాలు బజారులో దొరుకుతున్నవి. అందువల్ల జీవనోపాధికి గాక, కేవలం ఆసక్తి కొద్దీ వెల్డింగు నేర్చుకొనేవారు బయలుదేరారు. పెరటి గేటు మడతబందు ఊడితే తామే అతికించుకోవాలనుకొనే ఉద్యోగులు, గుంటక విరిగితే పట్నం పోనక్కరలేకుండా బాగుచేసుకోదలచిన రైతులు, భౌతికశాస్త్రంలో చదువుకొన్నది కంటితో చూడగోరే విద్యార్థులు వీరిలో ఉన్నారు. అటువంటివారిని దృష్టిలో ఉంచుకొని వ్రాస్తున్న వ్యాసమిది.

మొదట తెలియవలసినది, వెల్డింగు అంటించడం కాదన్న సంగతి. కారే బిందెకు మాటు వేసేవాడు తగరం, సీసం కరగించి పోస్తాడు. మాటు కరుగుతుంది గాని బిందె కరగదు. వెల్డింగులో అతికే రెండు ముక్కల అంచులూ కరగాలి, పైనుంచి చేరే లోహమూ కరగాలి, మూడూ ఒకే మడుగై గడ్డకట్టాలి.

విద్యుత్తు రాకముందే మన కమ్మరి ఇనుమును ఇనుముతో కలపడం ఎరుగును. బండిచక్రానికి తొడిగే ఇనుప పట్టాను గుండ్రంగా వంచి, రెండు కొసలనూ కొలిమిలో ఉంచి, తిత్తి ఊదించి, ఎరుపు దాటి పసుపు, పసుపు దాటి తెలుపు వచ్చేవరకు కాచి, దాగలిపై పెట్టి సమ్మెటతో కొట్టించేవాడు. అక్కడ ఇనుము కరగదు. బాగా మెత్తబడి, దెబ్బకు ఏకమవుతుంది. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంత నిలిచివున్న గుప్తులనాటి ఇనుపస్తంభం ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు. అది పోత పోసినది కాదు. ఇనుపముద్దలను కాచి, కొట్టి, ఒకదానితో ఒకటి కలిపి చేసినది. ఎన్ని అతుకుల స్తంభమది! కాని కొలిమి పద్ధతికి ఒక హద్దున్నది. వస్తువునే నిప్పులోకి తీసుకొని రావాలి. గోడలో పాతిన గేటును కొలిమిలో పెట్టలేము గదా!

నిప్పునే వస్తువు వద్దకు తీసుకొనిపోయినది విద్యుత్తు. రెండు బొగ్గుకడ్డీల మధ్య విద్యుత్తు దూకేటప్పుడు కళ్ళు చెదిరే వెలుగు పుడుతుందని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే చూపినాడు. దానితో లోహాన్ని అతకవచ్చునని 1880 ప్రాంతాల నిరూపించినవాడు రష్యా సామ్రాజ్యానికి చెందిన నికొలాయ్ బెనార్డోస్. 1888లో ఆ దేశీయుడే అయిన స్లవ్యానోవ్ బొగ్గుకడ్డీకి బదులు లోహపు కడ్డీనే వాడి, వెలుగునిచ్చే కడ్డీయే కరగి అతుకులో చేరే ఏర్పాటు చేశాడు. అయినా ఆ అతుకులు పెళుసుగా ఉండేవి. కారణం గాలి. కరగిన ఇనుము గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని పీల్చుకొని చెడిపోతుంది. 20వ శతాబ్దపు తొలి దశకంలో స్వీడను దేశస్థుడు ఆస్కార్ షెల్‌బెర్గ్ కడ్డీకి ఖనిజాల పూత పూసి ఈ చిక్కు విడదీశాడు. ఆ పూత కొంత కాలి పొగగా మారి గాలిని దూరంగా నెడుతుంది. కొంత కరగి చిట్టెంగా తేలి, వేడి లోహంపై దుప్పటి కప్పుతుంది. కంసాలి బంగారం అతికేటప్పుడు వెలిగారం వాడడంలోని కిటుకుకు ఇది దగ్గరిది. నేడు దుకాణంలో 'రాడ్డు' అని అడిగితే ఇచ్చేది ఈ పూత కడ్డీయే.

కొత్తవారికి అనువైన రాడ్డు 6013 రకం. ఈ అంకెలకు అర్థమున్నది. మొదటి 60, అతుకు లోహం చదరపు అంగుళానికి కనీసం 60,000 పౌన్ల లాగుడుకు ఆగుతుందని చెబుతుంది. తరువాతి 1, ఆ రాడ్డును నేలమీద, గోడమీద, తలపైన ఏ స్థితిలోనైనా వాడవచ్చునని తెలుపుతుంది. చివరి అంకె పూత రకాన్ని సూచిస్తుంది. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు సుమారు 60 నుంచి 90 ఆంపియర్ల విద్యుత్తు సరిపోతుంది. అభ్యాసానికి అయిదారు మిల్లీమీటర్ల మందం గల ఇనుపపలక మంచిది. చాలామంది పలుచని చదరపు గొట్టంతో మొదలుపెట్టి, క్షణంలో బెజ్జం పడగా నిరుత్సాహపడతారు. పలుచని ఇనుము చెయ్యి తిరిగినవారికే కష్టం.

మొదటిరోజు ప్రతివాడికీ జరిగేది ఒకటే: రాడ్డు పలకకు అంటుకొని పోతుంది. తాకించిన వెంటనే ఎత్తకపోతే కొస కరగి అక్కడే గడ్డకడుతుంది. మరీ ఎత్తితే వెలుగు ఆరిపోతుంది. అగ్గిపుల్ల గీసినట్లు గీసి, రాడ్డు మందమంత ఎడం మాత్రమే ఉంచాలి. ఇక్కడే అసలు కష్టం ఆరంభం. రాడ్డు నిమిషనిమిషానికీ పొట్టిదవుతూ ఉంటుంది. చెయ్యి ఒకవంక ముందుకు సాగుతూనే, రెండవవంక క్రిందికి దిగుతూ ఉండాలి. వ్రాస్తూ ఉండగా తరిగిపోయే బలపంతో, పలకను తాకకుండా వ్రాయడం వంటిదిది. బడిపిల్లవాడు 'అ' దిద్దినట్లు, పలకపై వరుసలు వరుసలుగా గీతలు పోయడం తప్ప దీనికి అడ్డదారి లేదు. రెండు ముక్కలు కలిపే ముచ్చట తరువాతి మాట.

ఆ గీతలు పోసేటప్పుడు ఎక్కడ చూడాలన్నది అన్నిటికంటె ముఖ్యం. కొత్తవాని చూపు సహజంగా వెలుగుపైకి పోతుంది. వెలుగు ఏమీ చెప్పదు. దాని వెనుక కరగి నిలిచిన చిన్న మడుగు చెబుతుంది. మడుగు రాడ్డుకు రెండింతల వెడల్పున, రెండు అంచులనూ తడుపుతూ వస్తున్నదా? సన్నబడితే చెయ్యి తొందరపడుతున్నది. ఉబ్బి పొర్లితే నిలిచిపోతున్నది. మడుగుపై తేలే చిట్టెం వేరు, అడుగున ఉన్న లోహం వేరు. ఈ రెంటినీ నల్ల అద్దంగుండా విడదీసి చూడగలగడానికి కొన్ని దినాలు పడుతుంది. చెవి కూడా సాయం చేస్తుంది. నూనెలో వడియాలు వేగుతున్నట్లు ఎడతెగని చిటపట వినిపిస్తే ఎడం సరిగా ఉన్నట్లు.

నల్ల అద్దమన్నాను. ఈ విషయంలో రాజీ కూడదు. వెల్డింగు వెలుగులో కంటికి కానరాని అతినీలలోహిత కిరణాలు దండిగా ఉంటవి. కొద్దిసేపు చూసినా, కొన్ని గంటల తరువాత, అర్ధరాత్రివేళ కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతుంది. చలువ కళ్ళద్దాలు దీనికి చాలవు. 10 లేక 11 నంబరు గాజు గల ముఖకవచమే కావాలి. వీధి ప్రక్క దుకాణంలో పనివాడు చెప్పులతో, లుంగీతో, ఒక చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకొని అతకడం మనం చూస్తూ ఉంటాము. దానిని నేర్పు అని మెచ్చుకొనేవారూ ఉన్నారు. అది నేర్పు కాదు, గతిలేమి. బడికి పోయే పిల్లలు ఆ వెలుగును నిలబడి చూస్తారు. ఉపాధ్యాయులు తరగతిలో ఒక్కసారి చెబితే ఎన్నో కళ్ళు నిలుస్తవి.

మిగిలిన జాగ్రత్తలు కొన్నే. తోలు చేతొడుగులు, బూట్లు, నూలు బట్టలు; నైలాను బట్ట నిప్పురవ్వకు కరగి ఒంటికి అంటుకొంటుంది. తడినేలపై నిలిచి పని చేయరాదు. జస్తా పూత ఉన్న రేకును అతికితే వచ్చే తెల్లని పొగ జ్వరం తెస్తుంది. పూతను ముందే గీకివేయాలి. నూనె, పెట్రోలు నిలవచేసిన పీపాను, అది ఖాళీగా కనిపించినా, తాకనేరాదు. లోపలి ఆవిరి ప్రేలి ప్రాణాలు తీసిన సంఘటనలు లెక్కకు మిక్కిలి. పని ముగిసిన తరువాత అరగంట అక్కడే ఉండి, ఎక్కడైనా నిప్పు దాగివున్నదేమో కనిపెట్టాలి.

ఇక పరీక్ష. వెల్డింగులో మోసం సులభం. లోహం అంచులను కరగించకుండా పైపైన పేరుకొన్న అతుకు కూడా చూపులకు అందంగానే ఉంటుంది. గ్రైండరుతో నున్నగా చేసి రంగు వేస్తే లోపం ఎవరికీ కనబడదు. అందుచేత కొత్తవాడు తన అతుకును తానే విరుగగొట్టి చూడాలి. ఒక ముక్కపై మరొకదానిని నిలువుగా నిలిపి, ఒక ప్రక్కన మాత్రమే అతికి, అతుకు ఉన్నవైపుకే ఒరిగేటట్లు సుత్తితో కొట్టాలి. విరిగిన చోట మూలలో పాత అంచు కరగకుండా గీతలా నిలిచి ఉంటే, అతుకు లోపలికి దిగలేదన్నమాట. చిన్న బెజ్జాలుంటే రాడ్డుకు తేమ పట్టినదో, ఎడం ఎక్కువైనదో. నల్లని మరకలుంటే చిట్టెం లోపల చిక్కుకొన్నది. ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పదు.

విరిగిన చోటును శ్రద్ధగా చూడడం ఎంత అవసరమో పెద్దల చరిత్రలోనూ కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా, రివెట్లకు బదులు వెల్డింగుతో వేగంగా ఓడలు కట్టినది. 1943 జనవరిలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వద్ద 'షెనెక్టడీ' అనే కొత్త చమురు ఓడ, నిశ్చలమైన నీటిలో కట్టివేసి ఉండగానే, పెద్ద చప్పుడుతో నడిమికి విరిగిపోయినది. మరికొన్ని ఓడలకూ పగుళ్ళు పట్టినవి. అందరి వేలూ అతుకుల వైపే తిరిగినది. అతుకులలో లోపాలు లేకపోలేదు. కాని కేంబ్రిడ్జిలో పరిశోధించిన కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే విదుషి, చలిలో ఆ ఉక్కే పెళుసెక్కుతున్నదని చూపినారు. రివెట్ల ఓడలో పగులు ఒక పలక అంచున ఆగేది. వెల్డింగు ఓడ అంతా ఏకఖండం గనుక పగులుకు అడ్డు లేకపోయినది. అతుకు ఎంత చక్కగా కలిపితే అంత దూరం పగులు పరుగెత్తినదన్నమాట! ఆ తరువాత ఉక్కు తయారీ నిబంధనలే మారినవి.

విరగని అతుకు కూడా చిక్కు తేవచ్చు. కరగిన లోహం చల్లారుతూ కుంచించుకొంటుంది; కుంచించుకొంటూ ముక్కలను తనవైపుకు గుంజుతుంది. మూలమట్టం పెట్టి నిలిపిన చట్రం, ఒకమూల పూర్తిగా అతికి మరొకమూలకు పోయేసరికి వంకర తిరిగి ఉంటుంది. అందుకే ముందు నాలుగు మూలలా చుక్కలు చుక్కలుగా అంటించి, కొలిచి, తరువాత ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా పూర్తి చేస్తారు. వ్యాకోచ సంకోచాల పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కేంద్రప్రభుత్వం 1950లో ఆరంభించిన చేతిపనుల శిక్షణ పథకం క్రింద, ఐ.టి.ఐ.లలో వెల్డరు కోర్సు ఒక సంవత్సరం సాగుతుంది. సరదాకు నేర్చుకొనేవారికి అంత వ్యవధి ఉండదు; కాని దగ్గరి ఐ.టి.ఐ. శిక్షకుని ఎదుట నాలుగు సాయంకాలాలు అభ్యసించగలిగితే, ఒంటరిగా నాలుగు నెలలు తంటాలు పడడం తప్పుతుంది. ముఖ్యంగా రాడ్డు వాలును, చేతి వేగాన్ని ప్రక్కనుండి చూచి దిద్దేవారు కావాలి.

ఇక మొదటి వస్తువుగా ఏమి చేయాలని అడిగేవారికి ముక్కాలిపీట అని నా సలహా. మూడు కాళ్ళకు ఎగుడుదిగుడు నేల అయినా సరే, పీట ఊగదు. కొత్తవాని చేతిలో కాళ్ళ పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పీట నిలుస్తుంది. నాలుగు కాళ్ళ పీటను తరువాత చేయవచ్చు. దానిని గచ్చుమీద పెట్టి, మూలను వ్రేలితో నొక్కితే, ఏ అతుకు ఎంత గుంజినదో అప్పటికప్పుడు తేలిపోతుంది.