మేనిచాయయు నారోగ్యమును

తమ మేనిచాయ నలుపని సిగ్గుపడి, ఛాయాచిత్రము తీయునపుడు వెనుక వరుసను దాగు విద్యార్థులను మేము చూచుచున్నాము. ఈ సిగ్గు మనస్సుతోనే యాగదు. కొందఱు నల్లబడుదుమని యాటలు మానుదురు. కొందఱు తెలుపు చేయునను లేపనములను పూసికొందురు. అట్టివానిలో కొన్నింట పాదరసముండును. అది చర్మముగుండ రక్తమున జేరి మూత్రపిండములను చెఱచును. పదిలక్షలకు ఒక పాలు మించి పాదరసము గల లేపనములను 2020 తరువాత తయారుచేయరాదని, 2013లో కుదిరిన మినమాటా ఒడంబడిక విధించినను, అవి నేటికిని దొంగచాటుగా అమ్ముడగుచున్నవి. నలుపునకు హేతువగు మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి చర్మమును కాపాడు గొడుగు. సృష్టికర్త యిచ్చిన గొడుగును విషముతో చింపుకొందుమా? తల్లిదండ్రులారా, పరిహాసమునకైనను బిడ్డను "నల్లపిల్ల" యనకుడు. విద్యార్థులారా, దేహమును శుభ్రముగా నుంచుకొని, నిర్భయముగా నాడి, ముందు వరుసను నిలువుడు.